‘దొరకలేదు’లోని ‘లేదు’

పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం ఏది తెరిచినా మొదటి అధ్యాయంలో ఎక్కడో ఒకచోట ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ అంశం మీద ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు. గైడు ఆ వాక్యం ఉందో లేదో చూస్తాడు, పరీక్షకుడూ చూస్తాడు. అది లేకపోతే అసలు ఆ పరిశోధన ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఏదో ఆనవాయితీ కోసం రాసిన మాటలా ఉంటుంది గానీ, నిజానికి ఆ గ్రంథం మొత్తంలో అంతకు మించిన సాహసం చేసిన వాక్యం ఉండదు. మిగతావన్నీ ఉన్నవాటి గురించి చెబుతాయి. ఇదొక్కటే లేనిదాని గురించి చెబుతుంది. ఉన్నదానికి సాక్ష్యంగా శాసనమో, తాళపత్ర ప్రతో, ప్రయోగ ఫలితమో చూపొచ్చు. లేనిదానికి ఏం చూపాలి? ఈ రోజుల్లో చూపేది ఒకటే: స్కోపస్‌లో వెతికాను, వెబ్ ఆఫ్ సైన్స్‌లో వెతికాను, గూగుల్ స్కాలర్‌లోనూ శోధగంగలోనూ వెతికాను, దొరకలేదు. ఇక్కడ తెలుగు వ్యాకరణం ఒక చిన్న మాయ చేస్తుంది. ‘దొరకలేదు’ అన్న మాట చివర ‘లేదు’ అతుక్కునే ఉంది. మొదటి సగం వెతికినవాడి సంగతి చెబుతుంది, రెండో సగం వస్తువు సంగతి చెబుతున్నట్టు వినబడుతుంది. మొదటి సగం మరిచిపోయి రెండో సగం మాత్రం పట్టుకుని నడిచిపోవడం చాలా తేలిక. ఎంత వెతికితే, ఎక్కడ వెతికితే, ఎలా వెతికితే దొరకకపోవడం లేకపోవడానికి రుజువవుతుంది? లైబ్రరీ సైన్సు వాళ్ళకు వదిలేయదగ్గ ప్రశ్నలా ఉంటుంది గానీ ఇది జ్ఞానమంటే ఏమిటన్న తాత్విక ప్రశ్నే.

ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఏడో శతాబ్దం నాటి మీమాంసకుడు కుమారిల భట్టు, ఆయన దారిలో నడిచినవాళ్ళు, వాళ్ళ తర్వాత అద్వైతులు జ్ఞానానికి ఆరు ప్రమాణాలు ఒప్పుకున్నారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి అయిదూ పోగా ఆరవది అనుపలబ్ధి. ఉపలబ్ధి అంటే తెలియడం, చేతికందడం. అది జరగకపోవడం అనుపలబ్ధి. నేల మీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? కన్ను చూసేది నేలను. లేని కుండను కన్ను చూడలేదు కదా. కాబట్టి కుండ కనబడకపోవడమే కుండ లేమిని తెలిపే ప్రమాణం అన్నారు వాళ్ళు. అంతటితో ఆగి ఉంటే అది ప్రమాదకరమైన సిద్ధాంతమే అయి ఉండేది. వెంటనే ఒక కట్టుబాటు పెట్టారు: ఏ అనుపలబ్ధి పడితే అది పనికిరాదు, యోగ్యానుపలబ్ధి మాత్రమే ప్రమాణం. అక్కడ కుండ ఉండి ఉంటే తప్పకుండా కనబడి ఉండేదే అని ముందు తేలాలి. వెలుతురు ఉండాలి, కన్ను బాగుండాలి, మధ్య అడ్డు ఉండకూడదు, వెతుకుతున్న వస్తువు కంటికి ఆనే జాతిదై ఉండాలి. చీకటి గదిలో నిలబడి ‘కుండ లేదు’ అన్నవాడు కుండ గురించి ఏమీ చెప్పలేదు, చీకటి గురించి చెప్పాడు. పదిహేడో శతాబ్దంలో ధర్మరాజాధ్వరి రాసిన వేదాంత పరిభాష ఈ యోగ్యత అన్న మాటను విడమరచడానికే బోలెడు శ్రమ పడింది. స్తంభం మీద పిశాచం కనబడలేదు కాబట్టి లేదు అనడానికి వీల్లేదన్నది ఈ చర్చల్లో తరచు వచ్చే ఉదాహరణ. పిశాచం ఉన్నా కంటికి కనిపించే రకం కాదు మరి.

ఈ ప్రమాణం పేరు విషయంలో మనవాళ్ళకు ఏనాడూ పొసగలేదు. నైయాయికులకు ఇది వేరే ప్రమాణం కాదు, ప్రత్యక్షానికి తోడు మాత్రమే. తర్క సంగ్రహం రాసిన అన్నంభట్టు, ఆయన మన ఆంధ్రుడేనని చెబుతారు, ఆ పక్షం వాడే. బౌద్ధుడైన ధర్మకీర్తి దీన్ని అనుమానంలో కలిపేశాడు. అయితే పేరు దగ్గర విడిపోయిన వీళ్ళందరూ షరతు దగ్గర కలుస్తారు. కనబడదగినది కనబడకపోతేనే లేదనాలి. ధర్మకీర్తి ఇంకాస్త ముందుకు వెళ్ళి, మనకు కనబడని వస్తువులు మూడు రకాల దూరాల వల్ల కనబడకుండా ఉండొచ్చన్నాడు: దేశం వల్ల దూరమైనవి, కాలం వల్ల దూరమైనవి, స్వభావం వల్ల దూరమైనవి. వీటి విషయంలో మనకు కనబడకపోవడం నుంచి లేదన్న నిశ్చయం పుట్టదు. ఇప్పటి పరిశోధకుడి ఎదుట ఉన్న తెర మీద ‘ఫలితాలు సున్నా’ అన్న మాట పడినప్పుడు ఈ మూడు దూరాలనూ ఒకసారి లెక్క వేసుకోవడం, నా ఉద్దేశంలో, వందల పేజీల పరిశోధనా పద్ధతుల పుస్తకం కంటే ఎక్కువ పని చేస్తుంది.

డేటాబేస్ అన్నది దీపం. ప్రతి దీపానికీ ఒక ఆకారం ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో ఒక అవసరానికి దాన్ని ఒకచోట పెట్టి ఉంటారు. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ 1879లో వైద్య పత్రికల సూచికగా ఇండెక్స్ మెడికస్ మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్నది సైనిక వైద్యుల గ్రంథాలయం. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఉల్లేఖనల సూచిక ఆలోచన ప్రకటించినప్పుడు ఆయనకు స్ఫూర్తి న్యాయవాదులు వాడే షెపర్డ్ సూచిక: పాత తీర్పును తర్వాతి తీర్పులు ఏవి ప్రస్తావించాయో అది చెబుతుంది. 1960లలో వెలువడిన ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తొలి ప్రతి 613 జర్నళ్ళను మాత్రమే చూసింది. దానికి వారసురాలే నేటి వెబ్ ఆఫ్ సైన్స్. 1995లో పుట్టిన జర్నళ్ళ డిజిటల్ భాండారం జెస్టార్‌కు మూలం పాత సంచికలు పేరుకుపోయి లైబ్రరీల్లో అరలు చాలకపోవడం. 2004లో వచ్చిన స్కోపస్ ఒక ప్రచురణ సంస్థ సరుకు. ఇందులో తప్పేమీ లేదు, ఏ దీపమూ ఊరంతా వెలిగించాలని లేదు. తంటా ఎక్కడంటే, పాత రోజుల్లో దీపం ఆకారం కంటికి తెలిసేది. కార్డు కేటలాగు సొరుగులు ఎన్నో కనిపించేవి, అచ్చు సంపుటాల వీపుల మీద ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో ఉండేది. ఇప్పుడున్నది ఒక తెల్లటి గడి. దానికి అంచు లేదు. అందులో ఏం టైపు చేసినా ప్రపంచం మొత్తాన్నీ అడిగినట్టే ఉంటుంది.

ఆ అంచు తెలియకపోతే ఏమవుతుందో 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన సంఘటన చెబుతుంది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు ఉబ్బసంలో ఉన్నట్టు బిగుసుకుపోకుండా ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి హెక్సామెథోనియం అనే మందును స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చేత పీల్పించారు. ఆ సంస్థలోనే పనిచేసే 24 ఏళ్ళ యువతి, ఏ జబ్బూ లేని మనిషి, మందు పీల్చాక దగ్గుతో మొదలై, ఊపిరితిత్తులు దెబ్బతిని, సుమారు నెల రోజులకు జూన్ 2న చనిపోయింది. పరిశోధకుడు ముందుగా వెతకలేదా? వెతికాడు. వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్‌లో చూశాడు, ప్రామాణిక పాఠ్య గ్రంథాల్లో చూశాడు. భయపడాల్సింది కనబడలేదు. అప్పట్లో పబ్‌మెడ్ వెనక్కి వెళ్ళేది 1966 దాకా. హెక్సామెథోనియం రక్తపోటు మందుగా విరివిగా వాడకంలో ఉన్నది 1950లలో. అది ఊపిరితిత్తులకు చేసే హాని గురించిన వ్యాసాలు వచ్చింది కూడా ఆ కాలంలోనే. అవి లైబ్రరీ అరల్లో, పేరున్న పత్రికల్లో, అచ్చు సూచికల్లో కూడా నమోదై ఉన్నాయి. దీపం వెలుతురు 1966 గుమ్మం దగ్గర ఆగింది, కుండ గుమ్మానికి అవతల ఉంది. ఆ యువతి మరణానికి ఒక్క వెతుకులాట లోపమే కారణం అనడం న్యాయం కాదు. అంతకు ముందు మందు పీల్చిన ఒకరికి దగ్గు వచ్చిన సంగతిని పర్యవేక్షక సంఘానికి చెప్పకపోవడం వంటి లోపాలు విచారణలో బయటపడ్డాయి. అదే ఏడాది జులైలో ఆ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ నిధులతో మనుషుల మీద జరిగే పరిశోధనలను కొద్ది రోజులు ఆపేశారు కూడా. అయినా మన ప్రశ్నకు ఈ ఒక్క పోగు చాలు. అక్కడ పనిచేసింది అజ్ఞానం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. ‘దొరకలేదు’ అన్న నిజాయితీ అయిన మాట ఎవరూ గమనించకుండా ‘లేదు’గా మారింది. కుమారిలుడి షరతులో ఉన్న ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు: ఆ హాని గురించి ఎవరైనా రాసి ఉంటే, అది ఇక్కడ కనబడి ఉండేదేనా?

కాలం వల్ల కలిగే దూరం కనీసం ఒక అంకెతో తెలుస్తుంది. దేశం వల్ల, భాష వల్ల కలిగే దూరం అంత తిన్నగా తెలియదు, మన తెలుగు పరిశోధనకు తగిలేది అదే. స్కోపస్ ఒక జర్నల్‌ను చేర్చుకోవాలంటే పెట్టే కనీస నియమాల్లో వ్యాసాల శీర్షికలూ సారాంశాలూ ఇంగ్లీషులో ఉండాలని, ఉపయుక్త గ్రంథాల పట్టిక రోమన్ లిపిలో ఉండాలని ఉంది. అంటే తెలుగు గ్రంథాలను తెలుగు లిపిలోనే ఉదహరించే తెలుగు పత్రిక ఎంత గొప్పదైనా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడ నాణ్యత ప్రశ్న ఇంకా మొదలే కాలేదు. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి పత్రికలో మల్లంపల్లి సోమశేఖర శర్మ, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి వారు రాసిన శాసన పరిశోధనలు, కవుల కాలనిర్ణయాలు, పాఠ చర్చలు ఈ అంతర్జాతీయ సూచికలకు సంబంధించినంత వరకు జరగనే లేదు. వాటి స్కాన్లు దొరికినా బొమ్మల రూపంలో ఉంటాయి, లోపలి అక్షరం వెతుకులాటకు చిక్కదు. అక్షరం చిక్కిందే అనుకుందాం. శ్రీనాథుడి పేరు రోమన్‌లో నాలుగైదు రకాలుగా రాస్తారు, కాబట్టి నాలుగైదు సార్లు వెతకాలి. ‘గుఱ్ఱము’ అని అచ్చయిన పుస్తకంలో ‘గుర్రం’ అని వెతికితే రాదు. ‘శాసనం’ అని వెతికేవాడికి ‘శాసనాలలోని’ అన్న మాట కనబడకపోవచ్చు, ఎందుకంటే మన భాష విభక్తులను మాటకు అంటగడుతుంది, ఇంగ్లీషు కోసం కట్టిన యంత్రానికి ఆ అంటు విడదీయడం రాదు. యూనికోడ్ రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు కంటికి తెలుగులా కనిపిస్తాయి గానీ కంప్యూటర్‌కు అవి అర్థం లేని రోమన్ గుర్తుల వరసలు. ఇన్ని జల్లెడలు దాటాక చివర్లో ‘సున్నా’ పడితే, ఆ సున్నా శ్రీనాథుడి గురించి చెప్పేది దాదాపు ఏమీ లేదు, జల్లెడల గురించి చాలా చెబుతుంది. అయినా ఆ సున్నా ఆధారంగానే ‘ఈ కోణంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు’ అన్న వాక్యం పుడుతుంది. భారతి పాత సంచికల్లో అదే కోణంలో ఎవరో చూసి, ఇంకొకరు ఖండించి, మొదటివారు మళ్ళీ జవాబు చెప్పి ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

మూడో దూరం, స్వభావం వల్ల కలిగేది, అన్నిటికన్నా చిక్కుది. అచ్చుకాని దానికి ఏ సూచికా ఉండదు. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, మానసిక కుంగుబాటు మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 ప్రయోగాలను తీసుకుని, వాటిలో ఏవి జర్నళ్ళకెక్కాయో చూసింది. మందు పనిచేసిందని నియంత్రణ సంస్థ తేల్చినవి 38, వాటిలో 37 అచ్చయ్యాయి. పనిచేయలేదనో, సందేహాస్పదమనో తేలినవి 36. వాటిలో 22 అచ్చే కాలేదు, 11 పనిచేసినట్టు ధ్వనించేలా అచ్చయ్యాయి, ఉన్నది ఉన్నట్టు అచ్చయినవి మూడే. జర్నళ్ళ డేటాబేస్‌లో ఎంత నిష్ఠగా వెతికినవాడికైనా ఈ మందులు దాదాపు ఎప్పుడూ పనిచేస్తాయనే తోస్తుంది. అతని వెతుకులాటలో లోపం లేదు. అపజయాలు పిశాచాల్లాగా స్తంభం మీదే ఉన్నాయి, కంటికి ఆనే రూపం మాత్రం వాటికి ఎవరూ ఇవ్వలేదు. మనకు దగ్గరగా ఉన్న ఇంకో ఉదాహరణ పసుపు. గాయం మీద పసుపు పెడితే మానుతుందన్నది కొత్త ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికా పేటెంట్ కార్యాలయం పేటెంటు ఇచ్చింది. తెలుగు దేశంలో ఏ అమ్మమ్మను అడిగినా నవ్వి ఉండేది. అమ్మమ్మ మాటకు విలువ లేకపోవడం పరీక్షకుడి అహంకారం వల్ల కాదు. విదేశాల్లో వాడుకలో ఉన్నంత మాత్రాన అప్పటి అమెరికా చట్టం దాన్ని పూర్వజ్ఞానంగా లెక్కలోకి తీసుకునేది కాదు, అచ్చులో ఉండాల్సి వచ్చేది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి 32 ఆధారాలు చూపించాక 1997లో ఆ పేటెంటు రద్దయింది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ వెనకున్న పాఠం ఇదే. ఆయుర్వేద, యునానీ, సిద్ధ యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి పేటెంటు పరీక్షకుల ఎదుట పెడుతున్నారు. తెలిసిన విషయాన్ని తెలిసినట్టు చూపించడానికి దాని స్వభావాన్నే మార్చాల్సి వచ్చింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది, అది బలమైనదే. డేటాబేస్ ఏనాడూ ‘లేదు’ అనలేదు కదా, ‘నా దగ్గర లేదు’ అన్నది, మిగతాది చదివినవాడి తొందరపాటు, దానికి పరికరాన్ని ఎందుకు ఆడిపోసుకోవడం? చిత్రంగా ఈ వాదానికి మన దర్శనాల్లో ఒక పెద్ద దిక్కు ఉంది. మీమాంసలోనే కుమారిలుడికి ఎదురు నిలిచిన ప్రాభాకరులు అభావమన్న పదార్థాన్నే ఒప్పుకోలేదు. కుండ లేమి అన్నది ప్రత్యేకంగా ఏమీ లేదు, మనకు తెలిసేది వట్టి నేల మాత్రమే, దానికే ‘కుండ లేదు’ అని పేరు పెట్టుకుంటున్నాం అన్నారు. అందుకే వాళ్ళకు ఆరవ ప్రమాణం అక్కరలేకపోయింది. ఈ దృష్టితో చూస్తే సున్నా ఫలితం అంటే ఈ నేల, ఈ తేదీన, ఈ మాటతో వెతికితే వట్టిగా ఉంది అని మాత్రమే. డేటాబేస్ సమాధానాన్ని ప్రాభాకరుడిలా చదవడం పరిశోధకుడికి ఎంతో మేలు, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ అభ్యంతరం పరిశోధకుడిని విడిపించదు, ఇంకా గట్టిగా కట్టేస్తుంది. డేటాబేస్ చెప్పింది నేల సంగతే అయితే, సిద్ధాంత గ్రంథంలో ‘జరగలేదు’ అని రాసిన మాటకు పూచీ ఎవరిది? ఇప్పుడది పూర్తిగా రాసినవాడిదే. యంత్రం మీదికి నెట్టడానికి వీలులేని బాధ్యత అది. ఆ పూచీ తీసుకోవాలంటే నేల ఎంతవరకు ఉందో, తన దీపం ఎంతవరకు పడిందో అతనికి తెలిసి ఉండాలి. తిరిగి తిరిగి కుమారిలుడి షరతు దగ్గరికే వచ్చాం.

రెండో అభ్యంతరం విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వినబడేది: సూచికల్లో లేనిది చేర్చదగినది కాదు కాబట్టే లేదు, ఎంపికే నాణ్యతకు హామీ, చెత్తంతా వెతకమంటే ఎలా? దీనికి ఆధారంగా బ్రాడ్‌ఫర్డ్ నియమం చూపిస్తారు. లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయాధికారి శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్ 1934లో గమనించిన సంగతి ఇది: ఒక విషయం మీద వచ్చే వ్యాసాల్లో మూడో వంతు గుప్పెడు పత్రికల్లోనే ఉంటాయి, తర్వాతి మూడో వంతు అంతకు ఎన్నో రెట్లు పత్రికల్లో, చివరి మూడో వంతు ఇంకెన్నో రెట్లు పత్రికల్లో చెదిరి ఉంటాయి. మొదటి వాక్యం పట్టుకున్నవాళ్ళు గుప్పెడు పత్రికలు చాలనుకున్నారు. బ్రాడ్‌ఫర్డ్‌ను ఆ లెక్కలకు పురికొల్పింది మాత్రం సారాంశ పత్రికల కంట పడకుండా జారిపోతున్న వ్యాసాల దిగులు. మూడింట రెండు వంతులు బయట ఉన్నాయన్నది కూడా అదే నియమం చెప్పే మాట. పైగా ఒక పత్రిక తరచుగా ఉల్లేఖనకు నోచుకుంటుందన్నది ఆ పత్రిక గురించిన వాస్తవం. అందులో లేని ఒకానొక సంగతి నిజమా కాదా అన్న దానికి దానితో సంబంధం లేదు. హెక్సామెథోనియం వ్యాసాలు చెత్త కావు, పాతవి, అంతే. నాణ్యత పేరుతో చేసిన ఎంపిక ఏది చదవాలో చెప్పడానికి పనికొస్తుంది. ఏది లేదో చెప్పడానికి పనికిరాదు. మంచి అంగడిలో దొరకని సరుకు ఊళ్ళోనే లేదనడం లాంటిది అది.

సరే, అన్నీ వెతకాలంటే ఎవరి తరం, ఇలా అయితే ఏ పరిశోధనా మొదలు కాదు కదా అన్నది మూడో మాట. వెతకడానికి అంతం లేదన్నది నిజమే. కానీ యోగ్యానుపలబ్ధి సర్వజ్ఞత్వాన్ని అడగదు. నేల మీద కుండ లేదనడానికి భూమండలమంతా తిరగనక్కరలేదు, ఈ నేల, ఈ వెలుతురు చాలు. చేయాల్సింది ఏ నేల, ఎంత వెలుతురు అన్నది బయటపెట్టడం. ఇది ఆచరణకు అసాధ్యమేమీ కాదని వైద్య రంగమే చూపించింది. 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన కాక్రేన్ సంస్థ తరహా క్రమబద్ధ సమీక్షల్లో, 2009లో వచ్చిన ప్రిస్మా మార్గదర్శకాలను పాటించే వ్యాసాల్లో, ఏ డేటాబేస్‌లు వెతికారు, ఏ తేదీ దాకా, ఏ మాటలు ఎలా కలిపి వెతికారు, ఎన్ని దొరికితే ఎన్ని ఎందుకు వదిలేశారు అన్నది రాయాలి. రాసినవాడి కంటే చదివినవాడికి దాని ఉపయోగం ఎక్కువ. దీపం ఎక్కడ పెట్టారో తెలిస్తే, నీడ ఎక్కడ పడిందో రెండోవాడు చూడగలడు. మానవీయ శాస్త్రాల్లో, ముఖ్యంగా మన భాషా సాహిత్య శాఖల్లో, ఈ అలవాటు ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. పూర్వ పరిశోధనల సమీక్ష అంటే అంతకు ముందు వచ్చిన సిద్ధాంత గ్రంథాల పేర్ల జాబితాగా మిగిలిపోయింది. వెతికిన తీరు గురించి ఒక్క వాక్యం ఉండదు.

చివరి అభ్యంతరం కాలం మీద నమ్మకం పెట్టుకున్నది. దీపాలు పెరుగుతున్నాయి, 1966 గోడ కూలింది, ఇప్పుడు పబ్‌మెడ్ 1940ల దాకా వెళుతోంది, తెలుగు అక్షరాన్ని యంత్రం చదవడం నేర్చుకుంటోంది, రేపు కృత్రిమ మేధ అన్నీ ఒక్కచోటనే వెతికి పెడుతుంది, అప్పుడు ఈ తగవే ఉండదు అంటారు. వెలుతురు పెరగడం మంచిదే. అయితే ఒక్క గదిలో ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదని షికాగోలో గ్రంథాలయ శాస్త్రం బోధించిన డాన్ స్వాన్సన్ 1986లోనే చూపించాడు. చేప నూనె రక్తం మీద చేసే ప్రభావం గురించి ఒక గుంపు రాసింది, రేనాడ్ వ్యాధిలో రక్తానికి ఏమవుతుందో ఇంకో గుంపు రాసింది. ఒకరినొకరు ఉల్లేఖించుకోలేదు. రెంటినీ కలిపితే మూడో సంగతి, చేప నూనె ఆ వ్యాధికి పనికిరావచ్చన్నది, అక్కడే ఉంది, ఎవరి కంటా పడలేదు. ఆ మూడో సంగతి పేరుతో వెతికినవాడికి అప్పుడు సున్నాయే వచ్చి ఉండేది. ఇక కృత్రిమ మేధ తెచ్చే చిక్కు దీనికి పూర్తిగా తిరగబడినది. పాత సెర్చ్ గడి కనీసం ఖాళీని చూపించేది. ఇప్పటి సంభాషణ యంత్రానికి ఖాళీ అంటే ఇష్టం ఉన్నట్టు లేదు, దాన్ని నింపేస్తుంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో న్యాయవాదులు దాఖలు చేసిన పత్రంలో ఎన్నడూ రాని తీర్పులు పేర్లతో, నంబర్లతో సహా ప్రత్యక్షమయ్యాయి. చాట్‌జీపీటీ అల్లినవి అవి. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ముత్యపు చిప్పలో వెండి కనబడే భ్రమ గురించి మనవాళ్ళు శతాబ్దాలు వాదించుకున్నారు. ఆ వెండి ఇప్పుడు హాల్‌మార్కు ముద్రతో సహా కనబడుతోంది. ఉన్నది లేదనుకోవడం, లేనిది ఉందనుకోవడం రెండూ ఒకే నిర్లక్ష్యం నుంచి పుడుతున్నాయి: చూపించిన సాధనానికి చూపించగల యోగ్యత ఉందా అని అడగకపోవడం. సాధనం పెద్దదయ్యేకొద్దీ ఆ ప్రశ్న అడగాలన్న ధ్యాస తగ్గుతుంది. కిరోసిన్ లాంతరు పట్టుకున్నవాడికి చీకటి గుర్తుంటుంది, ఫ్లడ్‌లైట్ కింద నిలబడ్డవాడికి గుర్తుండదు.

మన ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నళ్ళను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. చందా కట్టలేక తలుపు బయట నిలబడ్డ జిల్లా కేంద్రపు డిగ్రీ కళాశాల అధ్యాపకుడికి ఇది చిన్న విషయం కాదు. ఆ తలుపులు తెరుచుకున్నది మాత్రం అప్పటికే వెలుతురున్న గదుల్లోకి. భారతి సంచికల వ్యాస సూచిక ఆ డబ్బుతో తయారు కాదు. 13,000 జర్నళ్ళు చేతిలో ఉన్నాయన్న ధీమాతో ‘దొరకలేదు’ అనే పరిశోధకుడి గొంతులో ‘లేదు’ ఇంకాస్త గట్టిగా పలికే అవకాశమే ఎక్కువ. శ్రీనాథుడి మీద పనిచేసే విద్యార్థి రేపు తన మొదటి అధ్యాయంలో ‘ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అనడానికి బదులు, ఫలానా డేటాబేస్‌లలో ఫలానా నెల దాకా, పేరును ఇన్ని రకాలుగా రాసి వెతికానని, భారతిలో ఇన్ని సంపుటాలు పేజీ పేజీ తిరగేశానని, మిగతా సంపుటాలు చూడలేదని, చూసినంతలో ఈ చర్చ కనబడలేదని రాశాడనుకుందాం. వైవాలో పరీక్షకుడు తప్పకుండా అడుగుతాడు, ఆ మిగతా సంపుటాలు ఎందుకు చూడలేదని. ఆ ప్రశ్న ఎదుర్కోవాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం దాకా రైలెక్కాల్సి రావచ్చు.